కొసరు కాయ

శ్వేతవాహిని నది మలుపులో ఉన్న శంఖపురిని దూరం నుంచి చూసినవాళ్ళు అది ఊరని వెంటనే పోల్చుకోలేరు. ఎవరో దేవత ఊది, నీటి ఒడ్డున పెట్టి మరచిపోయిన తెల్లని శంఖమనుకుంటారు. కొండ అడుగు నుంచి కొన వరకు ఒకే ఒక్క బాట, శంఖం మీది గీతలాగే మెలి తిరుగుతూ పైకి పోతుంది. బాట పక్కన సున్నం కొట్టిన మేడలు, వాటి కిటికీల చుట్టూ పొదిగిన ఆల్చిప్పలు. పొద్దు పొడిచేవేళ ఆ ఆల్చిప్పలన్నీ ఒక్కసారిగా గులాబిరంగు తిరిగితే, ఊరు ఊరంతా నిద్రలో నవ్విన పసిబిడ్డలా ఉంటుంది.

ఆ ఉదయం కూడా ఊరు అలాగే నవ్వింది. పేరిందేవి మాత్రం అటు చూడలేదు. తన చేతిబండి ఇరుసు దగ్గర కూర్చుని, సీల గట్టిగా ఉందో లేదో వేలితో తడిమి చూస్తోంది.

శంఖపురి బాట మీద ఎద్దులకూ గుర్రాలకూ ప్రవేశం లేదు. పూర్వం ఎప్పుడో ఒక ఎద్దుబండి వెనక్కి దొర్లి పెళ్ళి ఊరేగింపును నలిపేసిందట. అప్పటినుంచి కొండ మీదికి ఏది పోవాలన్నా మనుషులు లాగే బండే. ఇల్లాళ్ళు కొండ దిగి పాదపేట సంతకు వచ్చి, బేరాలాడి, గంపలు నింపి, చేతిబండి మీద పెట్టించి, తాము చేతులూపుకుంటూ ఇంటికి నడుస్తారు. బండికి ఇద్దరు. ఒకరు ముందు నొగలు పట్టుకుని లాగుతారు, ఒకరు వెనక అడ్డకర్ర పట్టుకుని నెడతారు. ఎగువకు పోయేటప్పుడు ముందు మనిషి తల తిప్పకూడదు. తల తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే నొగ తిరుగుతుంది, ఆ పైన బండి లోయలో ఉంటుంది. అందుకని వెనక మనిషి ఏం చెప్పినా వేలి కణుపులతో చెక్క మీద కొట్టి చెబుతాడు. ఒక దెబ్బ కొడితే ఆగమని, రెండు కొడితే పోదాం పదమని.

పెళ్ళయిన నాటినుంచి పేరిందేవి ముందు, ఆమె భర్త దోనయ్య వెనక. అతని ముఖం కంటే అతని చప్పుడే ఆమెకు ఎక్కువ తెలుసు.

ఆ దోనయ్య గడిచిన పున్నమినాడు మంత్రి జంభదత్తుడి తోటలో గడ్డి దించడానికి ఒంటరిగా వెళ్ళి, మళ్ళీ రాలేదు.

"అక్కా, ఈ తలపాగా నిలవడం లేదు," అన్నాడు వెనక నిలబడిన యువకుడు.

"నిలవదు దొరా. కిరీటం పెట్టుకున్నట్టు పెట్టుకుంటే ఎట్టా నిలుస్తుంది? ఇట్టా వంగు." ఆమె తలపాగా విప్పి, రెండు మెలికలు తిప్పి, బిగించి కట్టింది. "చేతులకు ఇంకాస్త మసి పూసుకో. ఆ గోళ్ళు చూస్తే ఎవరైనా పట్టేస్తారు."

అతడు గంధవతీ రాజ్యపు యువరాజు వసంతకేతుడు. వేటకు వెళ్ళి మాయమైన తండ్రి సింహధ్వజ మహారాజును వెదుకుతూ అడవులు, ఎడారులు దాటి వచ్చాడు. ముందటి సాయంత్రమే కొండగుహలో ఒక ముసలి తాపసి అతని ఒళ్ళో ప్రాణం విడుస్తూ జంభదత్తుడి రహస్యం చెప్పాడు. ఆ మంత్రి మహామాంత్రికుడు. అతని తోటలో పందిరి మీద కాసే బూడిదగుమ్మడికాయలు కాయలు కావు, మనుషులు. పందిరి నీడన కునుకు తీసినవాళ్ళను తీగ తనలోకి లాక్కుంటుంది. ఈరోజు సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు కొండ కొనన కట్టిన నల్లరాతి మేడ గుమ్మంలో వాటిని దిష్టి తీసి కొడితే, ఇక జంభదత్తుడికి చావు లేదు. లోకమంతా ప్రాణానికి బదులు గుమ్మడికాయ కొడుతుంది. వాడు గుమ్మడికాయ పేరుతో ప్రాణాలు కొడతాడు. ఆ ఘడియ తప్పితే మాత్రం వచ్చే అమావాస్య దాకా ఆ కాయలు చెడవు, వాడికీ పనికిరావు.

క్రతువుకు ఒక నియమం ఉంది. కాయలకు పశువు వాసన సోకకూడదు. మోసే మనిషికి ఆచారం ప్రకారం రావలసినది ఇవ్వకుండా పంపకూడదు. శంఖపురిలో బండి లాగేవాళ్ళకు రావలసినది కూలితో తీరదు, కొసరు కూడా ముట్టాలి. వంకాయల గంపైతే గుప్పెడు వంకాయలు, చింతపండైతే నిమ్మకాయంత ముద్ద. ఇవాళ ఇంట్లో కూరేమిటో పేరిందేవికి పొద్దున్నే తెలియదు, సాయంత్రం కొసరుమూట విప్పాకే తెలుస్తుంది. అయితే కొసరును ఏరుకోకూడదు. బండి కదిలేలోపు ఏది ముందు చేతికి తగిలితే అదే.

మాంత్రికుడు తనంత తాను ఇచ్చిన కాయ మీద తీగకు పట్టు ఉండదు. అంటే ఒక్క మనిషి బయటపడవచ్చు. ఒక్కరే.

"మా నాన్నగారికి తీగను మాడ్చే మంత్రం తెలుసు," అని వసంతకేతుడు రాత్రి ఆమె గుమ్మంలో కూర్చుని బతిమాలాడు. "ఆయన బయటికొస్తే దోనయ్య బావ కూడా వస్తాడు, అందరూ వస్తారు. ఆయన ఎడమ కనుబొమ మీద పులి గీరిన గాటు ఉంది. కాయ మీద కూడా ఆ గాటు ఉంటుందని తాపసి చెప్పాడు. దాన్నే తాకు, అక్కా."

పేరిందేవి గుమ్మంలోని దీపం వత్తి ఎగదోసింది. చివరికి, "సరే దొరా. నా చెయ్యి తప్పు చెయ్యకుండా నువ్వే దేవుడికి మొక్కుకో," అంది.

* * *

కొండ అడుగున ఉన్న జంభదత్తుడి తోట గోడలు పచ్చటి నాచుతో నునుపు తేలి ఉన్నాయి. లోపల పక్షి కూత లేదు. పాలరాతి స్తంభాల మీద వేసిన పందిరిని ఒకే తీగ నిండా అల్లుకుంది. దాని ఆకులు ఏనుగు చెవులంత. ఆకుల చాటున తెల్లని బూడిద పూసుకున్న కాయలు, ఉరి తీసిన చంద్రుళ్ళలా వేలాడుతున్నాయి. గాలి లేకపోయినా అవి మెల్లగా ఊగుతున్నాయి.

పందిరి కింద ఆబనూసు ఆసనం మీద జంభదత్తుడు కూర్చున్నాడు. పట్టువస్త్రాలు, నుదుట గంధం, చెవులకు నాగకుండలాలు. ముఖం మాత్రం ఎండిన కొబ్బరిచిప్పలా ఉంది. చేతిలో వెండిపొన్ను వేసిన బెత్తం.

"రా, పేరిందేవీ. ఎవడీ కొత్తవాడు? నీ మొగుడేడీ?"

"ఏమో ప్రభూ. పున్నమినాడు ఇల్లు వదిలినోడు ఇంతవరకూ రాలేదు. ఎక్కడ చల్లగా ఉందని కునుకేశాడో."

మాంత్రికుడి కళ్ళు ఒక్క రెప్పపాటు చిన్నవయ్యాయి.

"వీడు మా మేనత్త కొడుకు ప్రభూ," అని ఆమె తొందరగా అందుకుంది. "తిండికి ముందు, పనికి వెనక. ఒరేయ్, గుడ్లప్పగించి చూస్తావేం? ఇరుసుకు నూనె పెట్టు!"

వసంతకేతుడు నూనెచిప్ప తీసుకుని ఎంతో శ్రద్ధగా చక్రం అంచుకు పూశాడు.

"నీ మొహం తగలెయ్య! అంచుకు పూస్తే జారి చస్తాం. లోపల, లోపల! ఏ తల్లి కన్నదిరా నిన్ను?"

కాపలావాళ్ళు పడి పడి నవ్వారు. మహారాణి కన్న కొడుకు తలవంచుకుని చక్రం తుడిచాడు.

సేవకులు మూడు గంపల్లో గడ్డికుదుళ్ళు పరిచి కాయలు పేర్చి, బండి మీద మెట్లలా అడుగున ఒకటి, నడిమిన ఒకటి, పైన ఒకటి ఎక్కించారు. పేరిందేవి చెయ్యి తగలకుండా, కళ్ళతోనే ఒక్కొక్కటీ చూసింది. నడిమి గంపలో, తొడిమకు ఎడమ పక్కన ఏటవాలు గాటు ఉన్న పెద్ద కాయ కనిపించింది. వసంతకేతుడు కూడా చూశాడు.

"కట్టిందా?" అని అరిచింది పేరిందేవి. తాళ్ళు బిగిశాయా అని బండి కదిలేముందు ముందు మనిషి అడగడం వాడుక. వెనక మనిషి చెక్క మీద కొట్టి జవాబు చెప్పాలి. యువరాజుకు ఆ సంగతే గుర్తు రాలేదు.

అయినా జవాబు వచ్చింది. అడుగు గంపలోంచి. టక్. కాస్త ఆగి, టక్.

మధ్యలో ఊపిరి తీసుకున్నంత ఆ ఎడం ఎవరిదో ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. చెయ్యి చాస్తే అడుగు గంప అందుతుంది. దాని పక్కనే నడిమి గంప. అతడు బతికే ఉన్నాడు. లోపలినుంచి కూడా తన పని తాను చేస్తున్నాడు.

"ప్రభూ, కొసరు," అంది.

"అడుగుతావనే అనుకున్నాను. తీసుకో. మంత్రినైతే మాత్రం ఊరి ఆచారం తప్పుతానా?"

ఆమె నడిమి గంప వైపు చెయ్యి చాచింది. మళ్ళీ వినిపించింది, అడుగు గంపలోంచి, టక్ టక్. పోదాం పద. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఒక్క క్షణమే ఆగింది. కానీ జంభదత్తుడికి ఆ క్షణం చాలు. బెత్తం కొనతో చక్రం కింది అడ్డురాయిని పక్కకు నెట్టాడు.

బండి గుక్క తిప్పుకున్నట్టు వెనక్కి ఒరిగింది. పై గంప అంచున ఉన్న చిన్న కాయ ఒకటి దొర్లి, అంచు దాటి, కింద రాళ్ళ మీదికి జారింది. దానితో పాటే పేరిందేవి చెయ్యి కదిలింది. ఆలోచన ఆ తరువాత వచ్చింది. జీవితమంతా ఎవరి నేతిచెంబో, ఎవరి గాజుల పెట్టో కింద పడకుండా ఆపిన చెయ్యి అది. పడేదాన్ని చూస్తూ ఊరుకోవడం దానికి తెలియదు.

కాయ ఆమె అరచేతిలో ఉంది.

"కొసరు ముట్టింది," అన్నాడు జంభదత్తుడు, నవ్వుతూ.

వెనక వసంతకేతుడు దెబ్బ తిన్న జంతువులా మూలిగాడు. కాయ మీది బూడిద పొరలు పొరలుగా రాలింది. చూస్తుండగానే ఆమె చేతుల్లో బరువు పెరిగి, నేల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నడుం వంగింది, జుట్టు ముగ్గుబుట్టలా ఉంది. వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, చుట్టూ చూసి, భయంభయంగా అడిగింది.

"నన్నెందుకు తీశావమ్మా? నా కోసం వచ్చేవాళ్ళెవరూ లేరే. ఎవరినో తియ్యబోయి నన్ను తీసినట్టున్నావు."

పేరిందేవి ఆమెను చెయ్యి పట్టుకుని లేపింది.

"ఒకటి తగ్గింది, పరవాలేదు, లోటు దారిలోనే పూడుతుంది," అంటూ మాంత్రికుడు లేచాడు. పందిరి నుంచి లేత తీగ కొన ఒకటి తెంపి, బండి వెనక అడ్డకర్రకు మురిపెంగా చుట్టాడు. "శుభకార్యం గదా, బండికి అలంకారం. దీన్ని విప్పినవాడి తల నా మేడ గుమ్మానికి తోరణం. ఊఁ, కదలండి. నేను ముందే కొన చేరి చూస్తుంటాను."

* * *

ముందొక ఈటెవాడు, వెనకొక ఈటెవాడు, నడుమ బండి. కొండ ఎక్కుతున్నకొద్దీ ఎండ ముదిరింది. మేడల కిటికీల్లోంచి ఇల్లాళ్ళు తొంగిచూసి, "అబ్బ, ఎంత నిగనిగలాడే కాయలో! వడియాలు పెడితే ఏడాది వస్తాయి," అనుకున్నారు. పేరిందేవి పళ్ళు బిగించి లాగింది. తన మొగుణ్ణి తనే లాక్కుపోతోంది. ఆగితే ఈటెవాళ్ళు తమను పొడిచేసి బండి తామే లాక్కుపోతారు. లాగితే కొన చేరుతుంది. ఏ అడుగూ వెయ్యాలని లేదు, వెయ్యకుండా ఉండడానికి లేదు.

ముసలావిడ వాళ్ళను వదలలేదు. బండి పక్కన కుంటుతూ నడుస్తోంది.

"నాయనా, నీ చేతులు చూపించు," అన్న ఆమె గొంతు పేరిందేవికి వెనకనుంచి వినిపించింది.

"ఏం లేదు అవ్వా, తిమ్మిరెక్కాయి."

"తిమ్మిరి కాదయ్యా. వేళ్ళ మీద బూడిద కనిపించట్లేదూ? ఈ కర్ర పట్టుకున్నవాడు కొన చేరేసరికి కాయవుతాడు. లోటు పూడడమంటే అదే. తప్పుకో."

"నేను వదిలితే బండి వెనక్కి పోతుంది!"

"నేను పట్టుకుంటాలే. ముసలిదాన్ని గానీ చచ్చినదాన్ని కాను. తప్పుకోమంటే అర్థం కాదూ? నీ కోసం ఏడ్చేవాళ్ళున్నారు. నేనెట్టాగూ అలవాటు పడ్డదాన్ని."

ఏదో పెనుగులాట. అడ్డకర్ర మీద చేతులు మారినట్టు బండి కాస్త తూలి, మళ్ళీ కుదుటపడింది.

"అత్తా! వదులు!" అని పేరిందేవి తల తిప్పకుండానే అరిచింది. "వాళ్ళ నాన్న కోసం, నా మొగుడి కోసం నువ్వెందుకు పోవాలి?"

"ముందు చూసి లాగమ్మా. మాట విను. ఈ తీగ వేరు ఆ తోటలో లేదు. ఏటి అవతల తెల్లరాళ్ళ లంకలో ఉంది. లోపల ఉన్నవాళ్ళకు తెలుస్తుంది, నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో. దాన్ని కోసెయ్యండి."

"నీ పేరేంటత్తా?"

అడ్డకర్రను ఆమె ఇంకాస్త గట్టిగా నెట్టినట్టు బండి ముందుకు కదిలింది.

"పిలిచేవాళ్ళు లేక మరిచిపోయానమ్మా. అత్తా అన్నావుగా. బాగుంది." ఆ గొంతు ఇప్పుడు కుండలోంచి వచ్చినట్టుంది.

ఎదురుగా వచ్చే మలుపును నిర్మాల్యపు జారుడంటారు. కొండ మీది ఇళ్ళలో, గుళ్ళలో వాడిపోయిన పూలన్నీ తెచ్చి అక్కడినుంచి కిందికి పారబోస్తారు. ఏటి ఇసుక వరకు నిలువునా జారిన పూలవాలు అది. ఏ బండీ అటు తిరగదు. చెప్పిన గుమ్మంలో దించకుండా పేరిందేవి ఏనాడూ ఏ గంపనూ మరో దారి పట్టించలేదు.

"దొరా! బండెక్కు! అత్తను పట్టుకో!"

అరుస్తూనే ఆమె భుజం తిప్పింది. భుజంతో పాటు నొగ తిరిగింది. ముందున్న ఈటెవాడు గిరుక్కున వెనక్కి తిరిగి పొడవబోయాడు. వసంతకేతుడు ముందుకు ఉరికి ఈటెను నడిమిన పట్టుకుని, వాణ్ణి దానితో సహా ఎత్తి రెండోవాడి మీదికి విసిరాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు దొర్లారు. మరుక్షణం యువరాజు గంపల మీదికి దూకాడు. బండి అంచు దాటింది.

అది పరుగు కాదు, పతనం. ఎండిన బంతులు, మల్లెలు, కుళ్ళిన తామరలు అలల్లా రెండు పక్కలా లేచి మీద పడ్డాయి. పేరిందేవి నొగల మధ్య వేలాడుతూ, మడమలు పూలలో దింపి, బండి ఎటు వంగితే తానూ అటు వంగుతూ, అరుపో ఏడుపో తెలియని ధ్వనితో కిందికి దూసుకుపోయింది. కొండ మీది కాపలావాళ్ళు వేసిన బాణాలు పూలలో గుచ్చుకుని కనిపించకుండా పోయాయి. ఒక రాయి. బండి గాల్లోకి లేచింది. తాళ్ళు తెగాయి. ఆకాశం, పూలు, ఇసుక గిర్రున తిరిగి, పెద్ద చప్పుడుతో అన్నీ ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో కొండ కొనన మధ్యాహ్నపు శంఖం మోగింది. నల్లరాతి మేడలో జంభదత్తుడు పెట్టిన కేక లోయంతా ప్రతిధ్వనించింది. ఘడియ దాటిపోయింది.

పేరిందేవి ఇసుకలోంచి లేచింది. బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. చక్రాలు మాత్రం విరగలేదు. కాయలు ఇసుక మీద చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. అడ్డకర్రకు చుట్టిన తీగకు ఒక చిన్న కాయ వేలాడుతోంది. దాని మీద బూడిద ఇంకా పచ్చిగా ఉంది.

వసంతకేతుడు మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క కాయనూ తిప్పి చూస్తున్నాడు. ఎడమ పక్క గాటు. కానీ ఇప్పుడు ప్రతి కాయ మీదా గాట్లే. రాళ్ళు అన్నిటినీ ఒకేలా గీరాయి. అతడు నాలుగైదింటిని చూసి, ఆగిపోయాడు.

నీటి అంచున ఒక కాయ పగిలిపోయింది. తెల్లటి గుజ్జు, ముక్కలు, విత్తనాలు. అల వచ్చి కొన్ని విత్తనాలను తీసుకుపోయింది.

ఇద్దరూ దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పెద్ద కాయో చిన్న కాయో పోల్చుకునే వీలు లేదు. పేరిందేవి నోటిదాకా వచ్చిన 'కట్టిందా?' అన్న పిలుపును మింగేసింది. పిలిస్తే జవాబు రావచ్చు. రాకపోతే? అడగనంతవరకు, ఇసుక మీద ఉన్నవాటిలో ఎక్కడో దోనయ్య ఉన్నాడు.

"అక్కా," అన్నాడు యువరాజు. "ఇది ఎవరు?"

ఆమె నీళ్ళలోకి వంగి, అల తీసుకుపోతున్న విత్తనాలతో సహా దొరికినంత ఏరింది. ముక్కలన్నీ పైటకొంగులో వేసి మూట కట్టింది.

"ఎవరైతేనేం దొరా. వదిలి పోలేం గదా."

కొండ మీద నగారా మోగింది. ఎగువ రేవులో కాపలావాళ్ళు పడవలు విప్పుతున్న కేకలు వినబడుతున్నాయి. ఇద్దరూ బండిని నిలబెట్టి కాయలు సర్దారు. అడుగున బరువైనవి, పైన తేలికైనవి పెట్టడం ఆమె పద్ధతి. ఇవాళ ఏది కింద పెట్టడానికీ ఆమెకు చెయ్యి రాలేదు. అన్నిటినీ పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి పడకుండా, తడి గడ్డి మధ్య పడుకోబెట్టింది. తీగతో సహా అడ్డకర్రను ఊడదీసి, అత్త ఉన్న ఆ కాయను తన వైపు చివర ఉంచింది. దాని పక్కన కొంగు మూట పెట్టింది.

అవతల, ఎండలో మిలమిలలాడుతూ తెల్లరాళ్ళ లంక కనిపిస్తోంది. నడుమ ఏరు, ఎంత లోతో తెలియదు. మొదటి పడవ మలుపు తిరిగింది.

వసంతకేతుడు చక్రానికి భుజం ఆనించాడు. పేరిందేవి నొగలు ఎత్తి, బండితో సహా నీళ్ళలోకి దిగింది.